నాగార్జునకొండ లోయలో జననివాసము

గ్రామము వెలయుటకు నీరు ముఖ్యమని అందఱు నెఱుగుదురు. కాని నీటి చేరువ యెంత యవసరమో, వరదకు దూరమును అంత యవసరము. వీనితోపాటు దున్నుటకు నేల, పశువులకు మేత, వంటకు కట్టెలు ఒక్కచోటనే లభించినచో జనులు ఆ తావును తేలికగా విడువరు.

అట్టి తావు నాగార్జునకొండ లోయ. మూడువైపుల నల్లమల శాఖలు, పడమట కృష్ణానది. నవీన శిలాయుగపు మానవులు ఇచ్చట నేలలో గుంటలు త్రవ్వి, పైన కప్పు వేసికొని నివసించిరి. క్రీ.శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి ఇచ్చటనే వర్ధిల్లెను. నదిలోనికి దిగు రాతిమెట్ల రేవు ఆనాటిదే. రాజధాని అంతరించినను లోయ పాడుపడలేదు. మధ్యయుగమున కొండపై కోట లేచెను. క్రింద పల్లెలు ఇరువదవ శతాబ్దివఱకు నిలిచెను.

చిత్రమేమనగా, జనుల నాకర్షించిన ఆ భూస్వరూపమే జలాశయమునకును అనుకూలమయ్యెను. కొండలు గోడలైన చోట నీరును నిలుచును గదా! దిగువన నందికొండ యొద్ద నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగెను. 1954 నుండి 1960 వఱకు పురావస్తుశాఖవారు లోయను త్రవ్వి పరిశోధించిరి. ముఖ్య కట్టడములు కొండపైకిని, అనుపునకును తరలినవి. పల్లెలవారును తరలిరి, కాని వారి బావులను, చేలగట్లను ఎవరు తరలింపగలరు? 1967 నాటికి సాగరము నిండసాగెను.

కొండశిఖర మిప్పుడొక ద్వీపము. యాత్రికులు పడవపై పోయి మ్యూజియము చూచి వత్తురు. ఊళ్లుండిన నేల ఆ పడవదారి క్రిందనే యున్నది.