పళ్ళ డాక్టరు బల్ల నుంచి హైటెక్ సిటీ గోళ్ళదాకా

హైటెక్ సిటీ చుట్టుపక్కల ఏ నెయిల్ స్టూడియోలోకి వెళ్ళినా బల్ల మీద సరంజామా దాదాపు ఒకటే. పెన్ను లావున ఉండే డ్రిల్లు, ఊదారంగు వెలుగు చిమ్మే ల్యాంపు, సన్నని కుంచెలు, డబ్బీల్లో తేనెలా సాగే జెల్. ఎదురుగా మాస్కు కట్టుకున్న అమ్మాయి. ఎక్కడో చూసినట్టుందే అనిపిస్తుంది. పన్ను పుచ్చినప్పుడు చూసిందే. ఆ రెండు బల్లలకీ దగ్గర చుట్టరికం ఉంది.

1954లో ఫ్రెడరిక్ స్లాక్ అనే అమెరికా దంతవైద్యుడికి పని చేస్తుండగా గోరు విరిగింది. కట్టుడు పళ్ళకు వాడే యాక్రిలిక్‌ని అల్యూమినియం రేకు ఆసరాతో విరిగినచోట పోసి కొత్త గోరు చేసుకున్నాడు. ఈ వృత్తిలోని వాళ్ళు తమ పుట్టుక గురించి చెప్పుకునే కథ ఇది. ఇప్పుడు వేలికొన కింద అతికించే కాగితం ఫారమ్ ఆ రేకుకి వారసురాలే. అయితే ఆ తొలి యాక్రిలిక్‌లలో వాడిన మిథైల్ మెథాక్రిలేట్ మరీ గట్టిది. చెయ్యి దేనికైనా తగులుకుంటే పెట్టుడు గోరు విరగదు, అసలు గోరే లేచొస్తుంది. ఎలర్జీలూ వచ్చాయి. అది నూటికి నూరుపాళ్ళూ ఉన్న సరుకుని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1970ల మొదట్లో కోర్టుకెళ్ళి మరీ బజారు నుంచి తీయించింది. 1981లో మొదలైన ఓపీఐ పేరులోని మొదటి అక్షరం కూడా పళ్ళదే. ఒడొంటోరియం ప్రొడక్ట్స్ అని, అంతకుముందు అది దంతవైద్యులకు సామాన్లమ్మిన కంపెనీ.

జెల్ వంశం కూడా ఇలాంటిదే. రాఫెల్ బోవెన్ పళ్ళ కోసం తయారుచేసిన రెజిన్‌కి 1962లో పేటెంటు వచ్చింది. 1970లలో వెలుగు పడితే గట్టిపడే పంటి సిమెంట్లు వచ్చాయి. 1980లలో అదే కిటుకు గోళ్ళమీదికొచ్చింది కానీ అప్పటి ల్యాంపులకు సత్తువ చాల్లేదు. 2010లో సీఎన్‌డీ కంపెనీ షెల్లాక్ అనే పాలిష్ వచ్చాకే జెల్ ఇంటింటి మాటయింది.

మరి మన సంగతి? 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి మాదాపూర్ నిండా బండరాళ్ళూ తుప్పలే. తెలుగింట గోటి సింగారమంటే ఆషాఢంలో గోరింటాకు, పెళ్ళిలో పారాణి, మహా అయితే ఓ లాక్మే సీసా. గోరింటాకులోని లాసోన్ అనే రంగు గోటి కెరటిన్‌తో కలిసిపోతుంది. మందం పెంచదు, బరువు పెట్టదు. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది గనక ఆ ఎరుపు దానంతటదే కొనకు జరిగి కత్తిరింపుల్లో పోతుంది. ఎవరి దగ్గరికీ మళ్ళీ వెళ్ళక్కర్లేదు. జెల్ అలా కాదు. గోరు పెరిగేకొద్దీ దాని మొదలు దగ్గర ఖాళీ తేలుతుంది. మూడు, నాలుగు వారాలకల్లా రీఫిల్‌కి రావాల్సిందే. నెలనెలా జీతం పడే ఊళ్ళోనే ఈ వృత్తి నిలదొక్కుకుంటుందని నా లెక్క. 2009లో మైండ్‌స్పేస్ పక్కన ఇనార్బిట్ మాల్ తెరిచారు, 2019లో మెట్రో హైటెక్ సిటీకి, ఆపైన రాయదుర్గానికి చేరింది. ఆఫీసు వదిలాక కుర్చీలో కూర్చోడానికి కావలసిన హంగులన్నీ అమిరాయి.

పని చూడండి. చాలామంది జెల్ మందంగా వేస్తే గోరు గట్టిదవుతుందనుకుంటారు. గట్టిదనం మందంలో ఉండదు, మందం ఎక్కడ పెట్టారన్నదాంట్లో ఉంటుంది. ముందు గోటి మొదలు దగ్గరుండే చర్మాన్ని, అంటే క్యూటికల్‌ని వెనక్కి నెట్టి, గోటి మెరుపు పోయేంతవరకే ఫైల్ ఆడించి, తడీ జిడ్డూ లేకుండా తుడుస్తారు. జెల్ లేచిపోయే కేసుల్లో ఎక్కువ ఇక్కడి తొందరవల్లే. పల్చగా బేస్ పూసి ల్యాంపులో ఆరబెట్టాక బిల్డర్ జెల్ చుక్క పెట్టి, కుంచెని గోటికి ఆనించకుండా ఆ చుక్కనే నడిపిస్తారు. గోరు వేలిని వదిలి బయటికొచ్చే చోటే ఒత్తిడంతా పడుతుంది. గోరు పొడుగైనకొద్దీ అక్కడి భారం పెరుగుతుంది. అందుకే దానికి కాస్త వెనగ్గా అపెక్స్ అనే ఎత్తు కడతారు. క్యూటికల్ దగ్గరా కొన దగ్గరా పల్చన, మధ్యలో గుట్ట. చేతిని కాసేపు గోళ్ళు కిందికి ఉండేలా తిప్పి పట్టుకుంటే జెల్ మధ్యకి జారి ఆ గుట్ట తనంతట తానే సర్దుకుంటుంది. పక్కనుంచి చూస్తే ఒకటే వంపు కనబడాలి, కొన వైపు నుంచి చూస్తే కమాను. ల్యాంపులో చెయ్యి పెట్టగానే చురుక్కుమంటే జెల్ ఒక్కసారిగా గట్టిపడుతూ వేడి పుట్టిస్తోందని అర్థం. చెయ్యి బయటికి తీసి మళ్ళీ పెట్టడమే మందు. పైన మిగిలే జిగురు గాలి తగిలి ఆరని పొర. దాన్ని స్పిరిట్‌తో తుడిచాకే ఫైల్‌తో బాదం ఆకారమో చతురస్రమో తీస్తారు. రోజంతా కీబోర్డు మీద ఉండే వేళ్ళకు పొట్టి బాదమే మేలు. పొడుగు గోరైతే ప్రతి మీటా కొనకే తగులుతుంది.

ఈ కుర్చీల వెనక వలస కథ ఒకటుంది. 1975లో కాలిఫోర్నియా శిబిరంలోని వియత్నాం శరణార్థి స్త్రీలు ఇరవైమందికి హాలీవుడ్ నటి టిప్పీ హెడ్రెన్ తన మానిక్యూరిస్టుతో గోళ్ళ పని నేర్పించారు. అమెరికాలో ఆ వ్యాపారం పెద్దభాగం వాళ్ళ సమాజం చేతికొచ్చింది. మన ఐటీ కారిడార్‌లో మణిపూర్, మిజోరం, డార్జిలింగ్ వైపు నుంచి వచ్చిన అమ్మాయిలు కనిపిస్తారు. నహరణితో పెళ్ళివారి గోళ్ళు తీసి కట్నం పుచ్చుకున్న నాయీబ్రాహ్మణుల పనితనానికి ఈ మాల్ బల్లల దగ్గర చోటు దక్కినట్టు లేదు. అది నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

భయపెట్టాలని కాదు గానీ, ఆరని జెల్ చర్మానికి అంటకూడదు. అందులోని మెథాక్రిలేట్ల ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే సాధారణంగా వదలదు, రేపు పంటి ఫిల్లింగుకీ అడ్డురావచ్చు. 2023లో శాన్‌డియాగో పరిశోధకులు ప్రయోగశాలలోని కణాలపై యూవీ ల్యాంపు 20 నిమిషాలు పెడితే 20 నుంచి 30 శాతం చనిపోయాయి. మనుషుల చేతుల మీద చేసిన పరీక్ష కాదది. అయినా వేళ్ళకొనలు తెరిచి ఉన్న గ్లవ్స్ అడగడానికి మొహమాటమెందుకు? జెల్ గట్టిపడేందుకు కలిపే టీపీఓ అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి నిషేధించింది. డబ్బీ మీద ఆ పేరుందేమో చూడమనొచ్చు.

తీయించుకునేటప్పుడూ జాగ్రత్త కావాలి. హార్డ్ జెల్ అసిటోన్‌కి కరగదు, ఓపిగ్గా ఫైల్ చెయ్యాల్సిందే. విసుగొచ్చి ఇంట్లో ఊడబెరికితే గోటి పొరలూ దాంతోపాటే లేచొస్తాయి. పల్చబడిన ఆ గోరు పూర్తిగా కొనకు జరిగి పోవడానికి ఆరు నెలలు పడుతుంది.