సనద్ ఎవరికి, సలాం ఎవరికి?

హైదరాబాద్‌లో ఎవడైనా గొప్పలకు పోతే "పెద్ద తుర్రం ఖాన్‌వా?" అని ఎగతాళి చేస్తారు. ఆ మాట వెనక తుర్రేబాజ్ ఖాన్ ఉన్నాడని మన బుజుర్గులు చెప్తారు. 1857 జూలై 17న మౌల్వీ అలావుద్దీన్‌తో కలిసి కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద హమ్లా చేసిన బహాదూర్ ఆయన. పట్టుబడి, ఖైదు నుంచి తప్పించుకున్నాడు. 1859లో తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. మయ్యత్‌ను కూడా వదలకుండా జనం చూసేలా వేలాడదీశారు. మౌల్వీ సాబ్‌ను అండమాన్‌కు పంపారు. కోఠీలో ఒక సడక్‌కు తుర్రేబాజ్ ఖాన్ పేరు పెట్టారు. జనం నాలుక మీద మాత్రం ఆ పేరు మజాక్‌గానే మిగిలింది.

జంగ్ ముగిశాక ఇజ్జత్ ఎవరి వాటాకు వస్తుంది? స్కూల్లో ఉర్దూలో, కాలేజీలో తెలుగులో తారీఖ్ చదివిన నన్ను ఈ సవాల్ ఎప్పుడూ వదల్లేదు.

హుకూమత్ ఇచ్చే గుర్తింపుకు ఒక దారి ఉంది. ఆజాదీకి పాతికేళ్లు నిండిన 1972లో సమరయోధులకు తామ్రపత్రాలు ఇచ్చారు, పింఛన్ మొదలుపెట్టారు. 1980లో దాన్ని విస్తరించి 'సమ్మాన్' పింఛన్ అన్నారు. మామూలుగా ఆరు నెలల జైలు శిక్షకు సబూత్ చూపాలి. జైలు రికార్డు దొరక్కపోతే, అప్పటికే తమ ఖైదు రుజువు చేసుకున్న తోటి ఖైదీలు గవాహి ఇవ్వాలి. అంటే, గుర్తింపు పొందినవాళ్లతో పరిచయం ఉన్నవాడికే గుర్తింపు సులువు. పార్టీ, పలుకుబడి ఉన్నవాళ్లకు గవాలు దొరుకుతారు. దళంవాళ్లకు రాత్రిపూట రొట్టెలు చేసి పెట్టిన అమ్మకు, కబురు మోసిన కూలీకి ఏ కాగజ్ ఉంటుంది? ఈ నష్టం మనది మాత్రమే కాదు. దళితులది, లంబాడీలది, అన్ని మజ్హబ్‌ల ఆడవాళ్లది కూడా.

విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టులో కొట్లాడి, అతని మనుషుల చేతిలో ఖతల్ అయిన షేక్ బందగీ గురించి ఆలోచించండి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య అమరుడయ్యాడు. బందగీ అంతకంటే ముందే ప్రాణం ఇచ్చాడు. అయినా మన ఇళ్లల్లో ఆ పేరు ఎంతమంది పిల్లలకు తెలుసు?

నా పేషావాడైన షోయబుల్లా ఖాన్ సంగతి ఇంకా కష్టం. 'ఇమ్రోజ్' అఖ్బార్ ఎడిటర్. రజాకార్ల జుల్మ్‌ను ఉర్దూలోనే ఖండించాడు, హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో కాచిగూడ దగ్గర రాత్రిపూట దాడి చేసి, రాసిన చేతిని నరికి చంపారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా లేవు. నెల తిరగకుండానే పోలీస్ యాక్షన్ వచ్చింది. ఆ తర్వాత బేగునాలైన ముస్లింలు వేలల్లో చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ రాసింది. అంత గమ్‌లో ఉన్న ఖౌమ్‌కు ఆయన్ను తన షహీద్‌గా తలచుకోవడం భారమైంది. 1948ని హిందూ ముస్లిం లడాయిగా చెప్పేవాళ్లకు ఆయన పేరు కథలో ఇమడదు. రెండు వైపులా ఖామోషీయే.

పెద్దవాళ్లకూ ఆలస్యం తప్పలేదు. 1958లో ఇంతెకాల్ అయిన మౌలానా ఆజాద్‌కు భారతరత్న వచ్చింది 1992లో. బతికుండగా ఆయనే వద్దన్నారని చెప్తారు. వద్దనగల హోదా ఆయనకు ఉంది. బందగీని ఎవరూ అడగనే లేదు.

కుర్బానీకి అజ్ర్ అల్లాహ్ దగ్గర ఉంటుంది, దానికి తామ్రపత్రం అక్కర్లేదు. కానీ ఈ దేశంలో మన హక్ ఏంటని ఎవరైనా అడిగినప్పుడు పిల్లలకు జవాబు కావాలి. ఆ జవాబు కొన్ని ఇళ్లల్లో ట్రంకుపెట్టెల అడుగున, దాదా రాసిన ఉర్దూ ఖతుల్లో ఉంది. మనవలు తెలుగు, ఇంగ్లీష్ మీడియంలో చదువుతున్నారు, ఆ రాత చదవలేరు. ఇల్లు మారినప్పుడు అవి రద్దీలోకి పోతాయి.

అందుకే ఒక గుజారిష్. ఇంట్లో ఉర్దూ వచ్చిన పెద్దలు ఉండగానే ఆ కాగితాలు బయటికి తీయండి. వాళ్లతో చదివించి, తెలుగులో రాసి పెట్టండి. పేరు, ఊరు, సాల్ తప్పకుండా వేయండి. గవాహి లేకపోవడం వల్ల పోయినవాళ్లు చాలు. ఉన్న గవాహిని మనమే పారేసుకోవద్దు.