విన్నపం: కొలువు మాట, కోవెల మాట

విన్నపం సంస్కృత ‘విజ్ఞాపనం’కు తద్భవం. యజ్ఞం జన్నమైనట్టు, సంజ్ఞ సన్న అయినట్టు ఇక్కడా ‘జ్ఞ’ ‘న్న’గా మారింది. మూలార్థం తెలియజేయడమే. అయితే సాటివాడికి చెప్పుకునేది విన్నపం కాదు. బంటు ఏలికకు చేసుకునేదే విన్నపం. ఏలిక నోట వెలువడేది ఆనతి. పల్లవుల తామ్రశాసనాల్లో దానం ఇమ్మని రాజును కోరినవాడు ‘విజ్ఞప్తి’, దాన్ని అమలు జరిపినవాడు ‘ఆజ్ఞప్తి’.

ఈ రాచకొలువు మాట గుడిలోకి రావడంలో వింత లేదు. దక్షిణాదిన దేవుడికి జరిగేవన్నీ రాజోపచారాలే: ఛత్రం, చామరం, మేలుకొలుపు, పవ్వళింపు. తిరుమలలో రోజూ ‘కొలువు’ జరుగుతుంది. స్వామికి పంచాంగం వినిపించి, ముందునాటి హుండీ ఆదాయం లెక్క అప్పజెబుతారు. అంతటి ప్రభువు ముందు నోరు విప్పితే అది విన్నపమే అవుతుంది. తమిళదేశంలో ఈ అర్థం ఇంకా ముందుకు సాగింది. శివస్తుతులైన తేవారం పాటలు పాడటాన్నే చోళ శాసనాలు ‘తిరుప్పదియం విణ్ణప్పం’ చేయడం అన్నాయి. అందుకోసం మొదటి రాజరాజు తంజావూరు పెద్దగుడిలో 48 మంది గాయకులను, ఇద్దరు వాద్యకారులను నియమించాడు. శ్రీరంగంలో ఆళ్వార్ల దివ్యప్రబంధం అభినయించే అరయర్లకు ‘విణ్ణప్పం శెయ్‌వార్’ అనే పేరుంది.

తెలుగులో ఈ మాటకు అందం తెచ్చినవాడు అన్నమయ్య (1408–1503). ‘విను’ ధాతువుకూ విన్నపానికీ వ్యుత్పత్తి సంబంధం లేకపోయినా, చెవికి రెండూ చుట్టాలే. ఆ పోలికను ఆయన ఒక మేలుకొలుపు కీర్తనకు పల్లవిగా మలిచాడు. భక్తులు విన్నపాలతో వాకిట నిలిచారు, దేవుడింకా తెర తీయలేదు. కొలువు మర్యాదా చనువూ అక్కడ కలిసిపోయాయి.

పదిహేడో శతాబ్దపు భద్రాచల రామదాసుది మరో దారి. గోలకొండ సర్కారులో కొలువు చేసినవాడు గనుక ప్రభువు చెవిన మాట పడాలంటే దాపున ఉన్నవారు చెప్పాలని ఆయనకు తెలుసు. తన మాట రాముడికి చెప్పమని సీతమ్మను వేడుకున్నాడు. వైష్ణవులు దీన్ని పురుషకారం అంటారు, లౌకికంగా సిఫార్సే. విన్నపం ఫలించదనిపించినప్పుడు రాముణ్ణే నిలదీసి నిష్ఠూరమాడాడు. ఆయన కీర్తనల్లో బిగువంతా అక్కడే ఉంది.

నేటి తెలుగు కచేరీల్లో అర్జీ, దరఖాస్తు, వినతిపత్రం చలామణిలో ఉన్నాయి. విన్నపం ఎక్కువగా పాటలకూ సభామర్యాదకూ మిగిలింది. తమిళనాట మాత్రం ఉద్యోగానికి పెట్టుకునే దరఖాస్తును ఇప్పటికీ విణ్ణప్పమనే అంటారు.