కారు వయసు, బ్యాటరీ వయసు

సూరత్ పేరు వినగానే మనకు చీరలు, వజ్రాలు గుర్తుకొస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి అక్కడి మరమగ్గాల మీద బతుకు కట్టుకున్న పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఆ ఊళ్లో ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతూ వచ్చిందంటే మనవాళ్ల సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు. ఆ రోడ్ల మీద ఈనాడు హైదరాబాదుకు చెందిన ఒలెక్ట్రా సంస్థ విద్యుత్ బస్సులు తిరుగుతున్నాయి. సొంత విద్యుత్ కార్లూ పెరిగాయి. గుజరాత్ ప్రభుత్వం 2021 జూన్‌లో ప్రకటించిన విధానం అందుకు ఒక కారణం. ఆ విధానంలో ఒక విశేషం గమనించండి. రాయితీని కారు ధరను బట్టి లెక్కకట్టలేదు. బ్యాటరీలో పట్టే విద్యుత్తును బట్టి, యూనిట్‌కు 10,000 రూపాయల చొప్పున, ఒక కారుకు గరిష్ఠంగా లక్షన్నర రూపాయలని నిర్ణయించారు. యూనిట్ అంటే మన ఇంటి మీటరు కొలిచే యూనిట్టే, ఒక కిలోవాట్ అవర్. అంటే ప్రజల సొమ్ము చక్రాలకూ సీట్లకూ పోలేదు, బ్యాటరీకి పోయింది. కారు మొత్తంలో అన్నిటికంటే ఖరీదైన భాగం అదే. అన్నిటికంటే ముందు ముసలిదయ్యేదీ సాధారణంగా అదే.

2020 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన టాటా నెక్సాన్ విద్యుత్ కారులో 30.2 యూనిట్ల బ్యాటరీ ఉంది. దానికి కంపెనీ హామీ 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మొదట కొన్నవారికి ఆ గడువు 2028లో తీరుతుంది. కారు గట్టిగానే ఉండి బ్యాటరీ మాత్రం నీరసించిపోతే ఆ కుటుంబం ఏం చేయాలి? కారును తుక్కుకు వేయాలా, కొత్త బ్యాటరీ వేయాలా? వేస్తే పాతదాని లాంటిదే వేయాలా, అంతకంటే మెరుగైనదా? ఈ ప్రశ్న మనకు కొత్తగా తోస్తుంది కాని, దీని వయసు నూరేళ్లు దాటింది.

ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో తిరిగి చార్జి చేయగల సీసపు బ్యాటరీని కనిపెట్టాడు. ఆ శతాబ్దం ముగిసేనాటికి అమెరికా వీధుల్లో విద్యుత్ కార్లు తిరుగుతున్నాయి. అయితే వాడేకొద్దీ సీసపు పలకల మీద సీసం సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుపోయేది, పలకల మీది పదార్థం రాలిపోయేది. బండి బాగానే ఉండేది, పెట్టె మాత్రం చచ్చిపోయేది. దీనికి ఆ రోజుల్లోనే రెండు రకాల జవాబులు పుట్టాయి.

మొదటిది రసాయనశాస్త్రం చెప్పిన జవాబు. థామస్ ఎడిసన్ ఏళ్ల తరబడి శ్రమించి నికెల్, ఇనుముతో దీర్ఘకాలం మన్నే బ్యాటరీ చేశాడు. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కంపెనీ 1911 నుంచి తన కార్లలో, అదనపు ధరకు, దాన్ని అమర్చి ఇచ్చింది. ఇక్కడ ఒక చిక్కు చూడండి. సీసపు సెల్ ఒక్కొక్కటి 2 వోల్టులు ఇస్తుంది, ఎడిసన్ సెల్ 1.2 వోల్టులే. ఒకటి తీసి ఒకటి పెడితే మోటారుకు చాలదు. సెల్స్ సంఖ్య పెంచాలి, వాటికి చోటు చూడాలి, చార్జి చేసే పద్ధతి మార్చాలి. బ్యాటరీ మార్పిడి అంటే టార్చిలైటులో సెల్స్ మార్చడం కాదని అప్పుడే తేలింది.

రెండవ జవాబు వ్యాపారానిది. నాకు ఇదే ఎక్కువ ఆసక్తికరంగా తోస్తుంది. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణపు విద్యుత్ కంపెనీ ఆధ్వర్యంలో బండిని బ్యాటరీ లేకుండా కొనుక్కునే ఏర్పాటు ఒకటి నడిచింది. బ్యాటరీ కంపెనీదే. ఖాళీ అయినది ఇచ్చి నిండినది తీసుకోవడం, తిరిగిన మైళ్లకు ఇంత, నెలకు ఇంత అని కట్టడం, అంతే. 1910 నుంచి 1924 దాకా సాగిన ఈ ఏర్పాటు కింద బండ్లు 60 లక్షల మైళ్లకు పైగా తిరిగాయి. బ్యాటరీ ముసలితనం భారం బండి యజమాని నెత్తిన పడలేదు. తర్వాత పెట్రోలు కార్లు చవకై రోడ్లన్నీ ఆక్రమించడంతో ఈ పాఠాన్ని లోకం మరిచిపోయింది.

ఇక మన దేశానికి వద్దాం. బెంగళూరుకు చెందిన మైనీ గ్రూపు, కాలిఫోర్నియాకు చెందిన అమెరిగాన్ సంస్థ కలిసి 1994లో రేవా కంపెనీని స్థాపించాయి. చేతన్ మైనీ నాయకత్వంలో 2001లో రేవా కారు అమ్మకానికి వచ్చింది. 2004 నుంచి లండన్ వీధుల్లో జి-విజ్ అనే పేరుతో తిరిగింది. ఆ చిన్న కారు ముందు సీట్ల కింద 6 వోల్టుల సీసపు బ్యాటరీలు ఎనిమిది, వరుసగా కలిపి ఉండేవి. ఎనిమిది ఆర్లు 48 వోల్టులు. ఒక్కోదాని సామర్థ్యం 200 ఆంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే 9,600 వాట్ అవర్లు, అంటే 9.6 యూనిట్లు. ఇంత కొద్ది విద్యుత్తు కోసం కారు పావు టన్నుకు పైగా సీసపు బరువు మోసేది. ఒకసారి చార్జి చేస్తే సుమారు 80 కిలోమీటర్లు. కొన్నేళ్లకే అది తగ్గిపోయేది. కాని బ్యాటరీలు విడివిడిగా ఉన్నాయి కనుక విప్పి మార్చడం సాధ్యం. పాత సీసానికి తుక్కు ధర కూడా వచ్చేది.

2009 జనవరిలో అదే కంపెనీ లిథియం బ్యాటరీ ఉన్న రేవాను ప్రకటించింది. దాని పరిధి 120 కిలోమీటర్లని చెప్పింది. మరి పాత రేవాలో సీసం తీసి లిథియం పెట్టవచ్చా? ఇక్కడ కాసేపు లెక్క చేద్దాం. లిథియం బ్యాటరీలలో ఐరన్ ఫాస్ఫేటు అనే ఒక రకం ఉంది. అమెరికాలో జాన్ గుడినఫ్ ప్రయోగశాలలో 1990లలో జరిగిన ఆ పరిశోధనలో అక్షయ పాఢి, నంజుండస్వామి అనే భారతీయులు ప్రధాన పాత్ర వహించారు. ఈ రకం సెల్ ఒక్కొక్కటి 3.2 వోల్టులు. పదహారు కలిపితే 51.2. పూర్తిగా చార్జి చేయడానికి సెల్‌కు 3.6 వోల్టుల లెక్కన 57.6 వోల్టులు కావాలి. పాత సీసపు పెట్టెలో 24 సెల్స్. ఒక్కోదానికి చార్జి వోల్టేజి 2.4. దాన్ని గుణించి చూడండి, అదీ 57.6! ఎవరూ కోరి కుదిర్చినది కాదు, ప్రకృతి అలా కలిసివచ్చింది. అందుకే 48 వోల్టుల పాత బండ్లకు ఈ మార్పిడి అంత అనువుగా కుదురుతుంది. పైగా సీసం కిలోకు 30, 40 వాట్ అవర్లు దాస్తే, ఇది 100 దాటి దాస్తుంది.

అయితే లెక్క కుదిరినంత మాత్రాన పని అయిపోదు. సీసపు బ్యాటరీ కొంచెం ఎక్కువ చార్జి అయితే బుడగలు వచ్చి నీరు తగ్గుతుంది, స్వేదన జలం పోస్తే సరి. లిథియం సెల్ అలా ఊరుకోదు, పాడైపోతుంది, వేడెక్కి ప్రమాదమూ తేవచ్చు. కాబట్టి ప్రతి సెల్ వోల్టేజినీ విడివిడిగా కనిపెట్టి, హద్దు దాటితే కరెంటు ఆపివేసే ఎలక్ట్రానిక్ కాపలాదారు తప్పనిసరి. మరో తమాషా ఏమిటంటే, సీసపు బ్యాటరీ ఖాళీ అవుతుంటే వోల్టేజి మెల్లగా దిగుతుంది. ఐరన్ ఫాస్ఫేటు వోల్టేజి చివరిదాకా దాదాపు ఒకేలా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. వోల్టేజిని నమ్ముకున్న పాత మీటరు అప్పుడు అబద్ధం చెబుతుంది.

రేవాను 2010లో మహీంద్రా సంస్థ తీసుకుంది. 2013లో వచ్చిన దాని ఇ2ఓ కారు లిథియంతోనే పుట్టింది. 2014లో కారు ధరను తగ్గించి, బ్యాటరీకి నెలవారీ రుసుము వేరుగా వసూలు చేసే పథకం పెట్టారు. 2024 సెప్టెంబరులో ఎంజి కంపెనీ విండ్సర్ కారుకు బ్యాటరీ అద్దె కిలోమీటరుకు 3 రూపాయల 50 పైసలని ప్రకటించింది. హార్ట్‌ఫర్డ్ పాఠం పేరు మార్చుకుని తిరిగి వచ్చిందన్నమాట.

ఈ కాలపు పెద్ద బ్యాటరీల కథ మాత్రం వేరు. 2010 డిసెంబరులో వచ్చిన నిస్సాన్ లీఫ్‌లో 24 యూనిట్ల బ్యాటరీ, అందులో 192 సెల్స్. చల్లబరచే ద్రవపు ఏర్పాటు లేదు. అమెరికాలో ఎడారి ఎండలు కాసే అరిజోనాలో 2012 నాటికే యజమానులు పరిధి తగ్గిపోయిందని గగ్గోలు పెట్టారు. కారణం సులభం. సెల్ లోపల గ్రాఫైటు మీద ఒక పలుచని పొర ఏర్పడుతుంది. అది పెరిగేకొద్దీ పనిచేయవలసిన లిథియం అందులో చిక్కుకుపోతుంది. వేడి ఎక్కువైతే పొర వేగంగా పెరుగుతుంది. నిండా చార్జి చేసి మండుటెండలో నిలిపిన కారుకు నడవకుండానే వయసు మీద పడుతుంది. సూరత్ వేసవి ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇన్ని సెల్స్‌లో కొన్ని మాత్రమే ముందు బలహీనపడతాయి. పడుగులో ఒక్క పోగు తెగితే మగ్గం ఆగినట్టు, వరుసలో అతి బలహీనమైన సెల్ దగ్గర మొత్తం బ్యాటరీ ఆగిపోతుంది. అంటే బ్యాటరీ పోయిందని చెప్పిన చాలా సందర్భాల్లో పోయింది కొంత భాగమే. నిస్సాన్ 2014లో అమెరికాలో 5,499 డాలర్లకు కొత్త బ్యాటరీ ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత కొందరు స్వతంత్ర మెకానిక్కులు పాత లీఫ్‌లో 40 యూనిట్ల బ్యాటరీ అమర్చారు. పెట్టె బయటి ఆకారం కలిసింది గాని, కారు కంప్యూటరు కొత్త బ్యాటరీ భాషను ఒప్పుకోలేదు. రెండింటి మధ్య దుబాసీలా ఒక చిన్న పరికరం పెట్టవలసి వచ్చింది. పూర్వం అడ్డు వచ్చింది వోల్టేజి అయితే ఇప్పుడు అడ్డు వచ్చేది సాఫ్ట్‌వేర్. బోల్టు విప్పగలిగినా అనుమతి కంపెనీ చేతిలోనే ఉంటుందన్నది నా దృష్టిలో ఆలోచించవలసిన విషయం.

మన దేశంలో చట్టం మాట కూడా ఉంది. నమోదు పత్రంలోని వివరాలు తారుమారయ్యేలా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2022 వేసవిలో విద్యుత్ స్కూటర్లు వరుసగా మంటల్లో చిక్కుకున్న తర్వాత బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినం చేశారు. వీధి చివర షెడ్డులో అతికించిన బ్యాటరీ ఆ పరీక్షలకు నిలవదు. ఈ కఠినత్వాన్ని నేను తప్పుపట్టను. కాని చట్టబద్ధంగా మార్చి ఇచ్చే కేంద్రాలు ఊరూరా లేకపోతే మధ్యతరగతి మనిషి ఆ షెడ్డుకే వెళతాడు.

ఖరీదు విషయంలో కాలం మనవైపే ఉంది. 2010లో యూనిట్ నిల్వకు వెయ్యి డాలర్లు దాటిన లిథియం బ్యాటరీ ప్రపంచ సగటు ధర 2024లో 115 డాలర్లకు దిగింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా సంస్థ లిథియం బ్యాటరీల కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది.

తీసేసిన బ్యాటరీ ఎక్కడికి పోవాలి? 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు దాన్ని వెనక్కి తీసుకునే బాధ్యతను తయారీదారు మీద పెట్టాయి. జపానులో, ఫుకుషిమా ప్రమాదంతో ఖాళీ చేయవలసి వచ్చిన నామియె పట్టణంలో, 2018 మార్చిలో ఒక కర్మాగారం మొదలైంది. పాత లీఫ్ బ్యాటరీలను విప్పి, 48 భాగాలనూ విడివిడిగా కొలిచి, బాగున్నవాటితో తిరిగి కారు బ్యాటరీ కడతారు. నడిరకం వాటిని ఫోర్క్‌లిఫ్టు బండ్లకూ, మిగిలినవాటిని కరెంటు పోయినప్పటి అవసరాలకూ పంపుతారు. 30.2 యూనిట్ల బ్యాటరీలో 70 శాతం సత్తువ మిగిలినా 21 యూనిట్లు పడతాయి. మేడల మీద సౌరఫలకాలు విరివిగా ఉన్న గుజరాత్‌లో, పగటి ఎండను రాత్రి ఫ్యానుకూ దీపానికీ దాచిపెట్టడానికి ఆ 21 యూనిట్లు ఒక ఇంటికి ధారాళంగా సరిపోతాయి.