ఈగంత కప్పలు

ఒక తొట్టెలో తోకకప్పలకు మేతగా కాలేయం ముక్కలు, ఇంకో తొట్టెలో థైమస్, వేరొకదాంట్లో థైరాయిడ్ గ్రంథి. ఫ్రెడరిక్ గుడర్నాచ్ చేసిన ప్రయోగం పైకి చూస్తే ఇంతే. ఏ అవయవాన్ని మేపితే ఎదుగుదల ఎలా మారుతుందో చూడాలన్నది ఆయన ఉద్దేశం. ఫలితాలు 1912లో అచ్చయ్యాయి.

థైరాయిడ్ తిన్న తోకకప్పలు కొద్ది రోజులకే పెరగడం మానేశాయి. కాళ్లు పొడుచుకొచ్చాయి, తోక కుంచించుకుపోయింది, నోరు వెడల్పయింది. ఈడు రాకుండానే కప్పలైపోయాయి. ఈగంత కప్పలు! థైమస్ తిన్నవేమో లావెక్కుతూ తోకకప్పలుగానే ఈదుతూ ఉండిపోయాయి. తోకకప్ప రూపం ఎప్పుడు మారాలో ఒక గ్రంథిలోని పదార్థం తేల్చగలదని అలా కళ్లకు కట్టింది.

అయినా ఒక లోటు మిగిలింది. చెరువులో పెరిగే తోకకప్పలో ఆ పని చేసేది దాని సొంత థైరాయిడేనా? తెలియాలంటే గ్రంథిని తీసేసి చూడాలి. అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో బెనెట్ అలెన్ అదే చేశాడు. కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న జీవిలో, ఇంకా పూర్తిగా రూపుకట్టని గ్రంథిని తొలగించడానికి ఎంత ఓర్పు, ఎంత హస్తలాఘవం కావాలో ఊహించండి. ఆయన 1916లో వెల్లడించిన ఫలితం వింతైనది. ఆ తోకకప్పలు మామూలు కంటే పెద్దవిగా పెరిగాయి. లోపల బీజకోశాలు కూడా ఎదిగాయి. కాళ్లు మాత్రం మొగ్గ దశలోనే ఆగిపోయాయి. నా దృష్టిలో అసలు రుజువు ఇదే. అదే ఏడాది కాలిఫోర్నియాలో ఫిలిప్ స్మిత్ పీయూష గ్రంథిని తీసేస్తే తోకకప్పలు వెండి రంగుకు పాలిపోయాయి, వాటి థైరాయిడ్ చిన్నదిగా ఉండిపోయింది, రూపమూ మారలేదు. థైరాయిడ్‌ను పని చేయించేది పీయూష గ్రంథి అని తెలిసింది. ఇక థైరాయిడ్‌లోని ఆ పదార్థాన్ని, అంటే థైరాక్సిన్‌ను, ఎడ్వర్డ్ కెండాల్ 1914 క్రిస్మస్ నాడే స్ఫటికాలుగా వేరుచేసి ఉన్నాడు.

మరి థైరాక్సిన్ అనే ఒకే హార్మోన్ కాలిని పెంచి తోకను ఎలా చంపుతుంది? 1933లో ష్విండ్ అనే పరిశోధకుడు తోకకప్ప తోక మీద ఒక కన్ను అతికించాడు. తోకంతా కరిగిపోయింది. కన్ను చెక్కుచెదరకుండా మొండేన్ని చేరింది. రక్తంలో వచ్చే కబురు అందరికీ ఒకటే, దానికి ఎలా స్పందించాలో ఏ కణజాలానికి ఆ కణజాలానికే తెలుసన్నమాట. బొంబాయిలో పుట్టి లండన్‌లో పనిచేసిన జంషెడ్ టాటా 1966లో ఇంకాస్త లోతుకు వెళ్లాడు. కోసిన తోకలను గాజు పాత్రలో బతికించి హార్మోన్ వేశాడు. శరీరం తోడు లేకపోయినా తోక కుంచించుకుపోయింది. జన్యువుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపే ఆక్టినోమైసిన్ కలిపితే మాత్రం అలాగే నిలిచింది. తనను తాను విప్పేసుకోవడానికి తోక కొత్త ప్రోటీన్లను తయారుచేసుకుంటోంది! ఈ కథలో నన్ను ఎక్కువగా కదిలించేది ఈ సంగతే.

మన ఒంట్లో తిరిగేదీ అదే థైరాక్సిన్. అందుకే ఏదైనా రసాయనం థైరాయిడ్‌ను దెబ్బతీస్తుందేమో తేల్చడానికి నేటికీ తోకకప్పలనే ఆశ్రయిస్తున్నారు. 2009లో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) ఆమోదించిన పరీక్షలో జెనోపస్ అనే ఆఫ్రికా కప్ప పిల్లలను 21 రోజులు ఆ రసాయనం కలిపిన నీటిలో పెంచి, వాటి కాళ్ల ఎదుగుదలనూ థైరాయిడ్ గ్రంథినీ పరిశీలిస్తారు.