పంచే చేయి మారిన తీరు: పోకర్ గదుల్లో డీలరు మార్పిడి పద్ధతి – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పోకర్‌లో ముక్కలు పంచే పని మొదట ఆటగాళ్ల మధ్యనే వంతులవారీగా తిరిగేది. ఇరవయ్యో శతాబ్దంలో అది క్రమంగా జీతానికి పనిచేసే డీలరు చేతికి వెళ్లింది. నేటి కాసినో పోకర్ గదుల్లో ఆ డీలర్లు సుమారు అరగంటకొకసారి బల్ల నుంచి బల్లకు మారుతుంటారు. ఈ రెండు మార్పిడులూ ఒకే అవసరం నుంచి పుట్టాయనీ, రెండవదానిలో శ్రమ, ఆదాయం అనే కొత్త అంశాలు చేరాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పోకర్, డీలరు, వంతు, గార్డీనా, నెవాడా, శ్రమ, రమ్మీ.

1. ఉపోద్ఘాతం:
జూదం గురించిన చర్చ సాధారణంగా నైతికత చుట్టూనో, చట్టం చుట్టూనో తిరుగుతుంది. ఆ బల్ల దగ్గర పనిచేసే మనిషి చర్చలోకి రావడం అరుదు. పేక కలిపి, కోయించి, పంచి, పందెపు సొమ్ము లెక్కచూసి, గెలిచినవారి వైపు తోసే వ్యక్తి డీలరు. ఆట న్యాయంగా జరిగిందన్న నమ్మకం అతని లేదా ఆమె చేతుల మీద ఆధారపడి ఉంటుంది. ఆ చేతులను ఒకే బల్ల దగ్గర ఎక్కువసేపు ఉంచకపోవడం పోకర్ గదుల నియమం. ఈ నియమం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి ప్రయోజనాన్ని కాపాడుతుంది అన్నవి ఇక్కడ పరిశీలనాంశాలు.

2. సమానుల మధ్య వంతు:
పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో న్యూ ఆర్లియన్స్ పరిసరాల్లో పోకర్ రూపుదిద్దుకుని, మిసిసిపీ నది పడవల మీదుగా పైప్రాంతాలకు పాకింది. తొలి రూపంలో 20 ముక్కలే ఉండేవి. నలుగురికి ఐదేసి పంచితే పేక అయిపోయేది. జూదరిగా జీవించి తర్వాత జూద వ్యతిరేక ప్రచారకుడిగా మారిన జొనథన్ గ్రీన్ 1843లో వెలువరించిన గ్రంథం ఈ ఆటకు సంబంధించిన తొలినాటి ఆధారాలలో ఒకటి.

అదే కాలంలో అమెరికా అంతటా ప్రాచుర్యంలో ఉన్న ఫారో ఆటతో పోల్చితే పోకర్ ప్రత్యేకత స్పష్టమవుతుంది. ఫారోలో ఆటగాళ్లు బ్యాంకుతో తలపడతారు, కనుక పంచేవాడు ఎప్పుడూ బ్యాంకు మనిషే. పోకర్‌లో ఆటగాడు తోటి ఆటగాడితో తలపడతాడు. అక్కడ పంచడం అందరి హక్కు, అందరి బాధ్యత. చివరగా నిర్ణయం తీసుకునే అవకాశం పంచేవాడి స్థానానికి దక్కుతుంది కాబట్టి ఆ లాభం అందరికీ సమానంగా అందాలంటే వంతు తిరగాలి. మోసానికి వీలున్న స్థానం కూడా అదే కాబట్టి ఆ వీలు ఏ ఒక్కరి దగ్గరా నిలవకూడదు. అంటే వంతు ఒకేసారి లాభాన్నీ అనుమానాన్నీ పంచిపెట్టింది.

ఆ అనుమానం ఊహాజనితం కాదు. 1835 జులైలో మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్ పట్టణవాసులు ఐదుగురు జూదరులను విచారణ లేకుండా ఉరితీశారు. అడుగు ముక్క పంచడం, పేకను కలిపినట్లు నటించడం వంటి హస్తలాఘవాలను సవివరంగా బోధించే గ్రంథం ఎర్డ్‌నేస్ అనే పేరుతో 1902లో వెలువడింది. దాని రచయిత అసలు పేరు నేటికీ వివాదాస్పదమే.

ఎవరి వంతో తెలిపేందుకు ఆటగాళ్లు ఒక గుర్తును ముందుంచుకునేవారు. దానికి ‘బక్’ అని పేరు. ఆ గుర్తును పక్కవారికి జరిపే మాటను మార్క్ ట్వేన్ 1872 నాటి ‘రఫింగ్ ఇట్’లో నెవాడా గనుల ప్రాంతపు పాత్ర నోట పలికించాడు. తర్వాతి కాలంలో అది బాధ్యతను ఇతరుల మీదికి నెట్టడం అనే అర్థంలో స్థిరపడింది. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ బల్ల మీది ప్రసిద్ధ ఫలకంలోని మాటకు మూలం ఇదే.

3. గార్డీనా – అద్దె కుర్చీ, సొంత చేయి:
నెవాడా 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. కాలిఫోర్నియా మార్గం వేరు. అక్కడి శిక్షాస్మృతిలోని 330వ సెక్షన్ బ్యాంకు ఆటలనూ, పందెంలో శాతం తీసుకునే ఆటలనూ నిషేధించింది. 1885లో ‘స్టడ్-హార్స్ పోకర్’ ఆ జాబితాలో చేరింది. డ్రా పోకర్ చేరలేదు. ఈ వెసులుబాటు ఆధారంగా లాస్ ఏంజెలెస్ సమీపంలోని గార్డీనాలో 1936 నుంచి పేక క్లబ్బులు వెలిశాయి. ఒక దశలో వాటి సంఖ్య ఆరుకు చేరింది.

పందెంలో శాతం తీసుకోకూడదు కనుక క్లబ్బు కుర్చీకి అద్దె తీసుకునేది. ఆ అద్దె అరగంట లెక్కన వసూలయ్యేది. చిప్స్ అమ్మేవారు, పర్యవేక్షకులు క్లబ్బు ఉద్యోగులు. ముక్కలు పంచేది మాత్రం ఆటగాళ్లే. మానవశాస్త్రవేత్త డేవిడ్ హయానో ఈ గదుల్లో స్వయంగా ఆడుతూ చేసిన క్షేత్ర పరిశోధనను 1982లో ‘పోకర్ ఫేసెస్’గా ప్రచురించాడు. పంపకం ఆటగాళ్ల చేతిలో ఉన్నంతకాలం నిఘా భారం కూడా వారిదే. పక్కవాడి వేళ్లను గమనించడం ఆటలో భాగం.

4. పని ఒకరిది, స్థానం మరొకరిది:
నెవాడా కాసినోలు పంచే పనిని ఉద్యోగికి అప్పగించాయి. 1960లలో లాస్ వేగస్ చేరిన టెక్సాస్ హోల్డెమ్, 1970లో బినియన్స్ హార్స్‌షూలో మొదలైన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ఈ ఏర్పాటుకు విస్తృత ప్రచారం కల్పించాయి. 1980ల చివర హోల్డెమ్‌కు అనుమతి లభించాక కాలిఫోర్నియా గదుల్లోనూ ఉద్యోగి డీలర్లు స్థిరపడ్డారు.

ఇక్కడ ఒక సూక్ష్మమైన విభజన జరిగింది. చివరగా ఆడే లాభం ఆటగాళ్ల మధ్యనే మిగిలింది. దానికి గుర్తుగా ‘బటన్’ అనే బిళ్ల ప్రతి పంపకానికీ ఎడమవైపుకు కదులుతుంది. పంచే శ్రమ మాత్రం కూలికి వచ్చిన చేతికి చేరింది. వంతులో కలిసి ఉన్న రెండు అంశాలు అలా విడిపోయాయి. బటన్ తిరగడం వల్ల లాభం సమానమైంది గానీ పంచే చేతి మీది అనుమానం తొలగలేదు. అందుకే ఆ చేతికీ ప్రత్యేకంగా ఒక వంతు అవసరమైంది.

5. అరగంట క్రమం:
బల్ల దగ్గర ఒక డీలరు పనిచేసే వ్యవధిని ‘డౌన్’ అంటారు. అది సాధారణంగా 30 నిమిషాలు. వ్యవధి ముగియగానే వరుసలో వెనుక ఉన్న డీలరు వచ్చి భుజం తట్టడంతో పాతవారు లేచి తర్వాతి బల్లకు వెళతారు. కొన్ని బల్లల తర్వాత విరామం వస్తుంది. లేచే ముందు రెండు అరచేతులూ తిప్పి కెమెరాకు చూపడం ఆచారం. కాలం లెక్కన రుసుము తీసుకునే బల్లల దగ్గర కొత్త డీలరు కూర్చోగానే దానిని వసూలు చేస్తారు. గార్డీనా అరగంట అద్దెతో ఈ పద్ధతికి ఉన్న పోలిక గమనార్హం.

ఈ క్రమం నెరవేర్చే ప్రయోజనాలు మూడు. మొదటిది, డీలరు ఒక ఆటగాడితో కుమ్మక్కయ్యే వ్యవధిని కుదించడం. రెండవది, అలసట వల్ల లెక్క తప్పకుండా చూడడం. మూడవది, ఆదాయాన్ని సమం చేయడం. గెలిచిన ఆటగాడు డీలరుకు ఇచ్చే టిప్పును వేగస్ పరిభాషలో ‘టోక్’ అంటారు. 1976లో ఓల్క్ కేసులో అమెరికా తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం టోకులు కానుకలు కావనీ, పన్నుకు లోబడే ఆదాయమనీ తీర్పు చెప్పింది. అది పాచికల బల్ల డీలరు కేసు. అక్కడ టోకులను సహోద్యోగులంతా కలిపి పంచుకునేవారు. పోకర్ గదుల్లో చాలాచోట్ల ఎవరి టోకులు వారివే. కనుక ఉదారంగా ఇచ్చే బల్లా, పిసినారి బల్లా అందరికీ వంతులవారీగా రావాలి. వరుస రాసే పర్యవేక్షకుడి పక్షపాతం నేరుగా డీలరు సంపాదన మీద పడుతుంది.

గంటకు 30 పంపకాలు సాగే బల్ల దగ్గర ఒక డౌన్‌లో దాదాపు 15 పంపకాలు జరుగుతాయి. ఒక పంపకంలో వివాదం తలెత్తి ఐదు నిమిషాలు ఆట ఆగితే ఆ నష్టం డీలరుదే. ఆటగాళ్లను కాపాడే నిమిషాల లెక్క శ్రామికుడిని తొందరపెడుతుంది కూడా.

6. చట్టంలో వంతు:
కాలిఫోర్నియా 2000లో చేర్చిన 330.11 సెక్షన్ బ్యాంకు ఆటను నిర్వచిస్తూ, ‘ఆటగాడు-డీలరు’ స్థానం నిరంతరంగా, క్రమబద్ధంగా ఆటగాళ్లందరి మధ్య తిరగాలన్న నియమం ఉన్న ఆటలను, ఇతర షరతులకు లోబడి, ఆ పరిధి నుంచి తప్పించింది. ఇక్కడ డీలరు అంటే ముక్కలు పంచే ఉద్యోగి కాదు, పందేలను భరించే ఆటగాడు. ఆ స్థానం నిజంగా తిరుగుతోందా లేదా అన్నదే కాలిఫోర్నియాలో ఆదివాసీ తెగల కాసినోలకూ పేక గదులకూ మధ్య వివాదమైంది. ఈ అంశంపై కోర్టుకు వెళ్లే అవకాశాన్ని తెగలకు కల్పిస్తూ 2024లో చట్టం వచ్చింది. బల్ల మర్యాదగా పుట్టిన వంతు నేరానికీ వ్యాపారానికీ మధ్య సరిహద్దుగా మారింది.

తెలుగునాట రమ్మీలో ఈ పాత పద్ధతి నేటికీ సజీవం. పేక కలిపేదీ పంచేదీ ఆటగాళ్లే. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదానిపై హైదరాబాద్ జూద చట్టం కింద నమోదైన కేసులో సుప్రీంకోర్టు 1967లో ఇచ్చిన తీర్పు (ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ) రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తించింది. కలిపి పంచే ఏ పేకాటలోనైనా అదృష్టం పాలు ఉంటుందని చెబుతూనే, అంతమాత్రాన రమ్మీ మూడు ముక్కలాటతో సమానం కాదని వివరించింది. క్లబ్బు వసూలు చేసే రుసుము లాభమా, వసతికి ప్రతిఫలమా అన్న చర్చ ఇక్కడా వచ్చింది. గార్డీనా అద్దె కుర్చీ ముందున్న ప్రశ్న కూడా దాదాపు ఇదే. ఆ తీర్పులోని అదృష్ట నైపుణ్యాల తర్కం, పంపకం నిజాయితీగా జరిగిందన్న భావన మీద నిలబడి ఉంది. ఆ భావనను నిలబెట్టేది వంతు.

7. ముగింపు:
• పోకర్‌లో తొలినాటి వంతు స్థానలాభాన్నీ మోసపు అవకాశాన్నీ ఆటగాళ్లందరికీ పంచింది.
• ఉద్యోగి డీలరు రాకతో లాభం బటన్ రూపంలో ఆటగాళ్ల వద్ద మిగలగా, శ్రమ వేరుపడింది. అరగంట మార్పిడి ఆ శ్రమకు ఏర్పడిన కొత్త వంతు.
• ఆటగాళ్ల మధ్య తిరిగిన వంతు హక్కు. డీలర్ల మధ్య తిరిగే వంతు యాజమాన్యం రాసే పట్టిక. పట్టిక రాసేది ఎవరన్నది డీలరు జీవనోపాధిని నిర్ణయిస్తుంది.
• కనుక పేకాట చరిత్రను చట్టం, నైతికతలతోపాటు శ్రమ చరిత్రలో భాగంగానూ అధ్యయనం చేయవలసి ఉంది. తెలుగు ప్రాంతపు క్లబ్బుల చరిత్రకూ ఈ దృష్టి ఉపకరిస్తుంది.