మూడు వందల ఎముకలు: దేహనిర్మాణ స్థాయిల చరిత్రలో ఒక అధ్యాయం

మానవదేహంలో ఎముకలెన్ని అన్న ప్రశ్నకు నేటి పాఠ్యపుస్తకం 206 అని బదులిస్తుంది. చరక సంహిత 360 అన్నది. సుశ్రుత సంహిత ఆ 360 లెక్కను వేదవాదులదిగా పేర్కొని, శల్యతంత్రం ప్రకారం మాత్రం ఎముకలు 300 అని తేల్చింది. ఈ అంతరాన్ని చూపి ప్రాచీనుల జ్ఞానాన్ని పరిహసించినవారు కొందరు. ఆధునిక శాస్త్రం చెప్పేదంతా మన గ్రంథాలలో ముందే ఉన్నదని వాదించినవారు మరికొందరు. ఎముకల సంఖ్య లెక్కించేవాని నేర్పుపైనే కాక, దేనిని ఎముక అనాలన్న నిర్ణయంపై కూడా ఆధారపడుతుందన్న సంగతిని ఈ ఇరు పక్షాలూ విస్మరించాయి.

సుశ్రుతుడు అస్థులను కపాల, రుచక, తరుణ, వలయ, నలకములని అయిదు విధాలుగా విభజించాడు. వీటిలో రుచకములు దంతాలు. తరుణములు ముక్కు, చెవి వంటి చోట్ల ఉండే మృదులాస్థులు. చరకుని లెక్కలో గోళ్ళు, దంతాల కుదుళ్ళు సైతం చేరాయి. దేహంలో గట్టిగా ఉండి, మాంసం క్రుళ్ళిన తరువాత కూడా మిగిలేది అస్థి అన్నది ఆనాటి గుర్తు. ఎముక ఒక కణజాలం, మృదులాస్థి వేరొక కణజాలం అన్న విభజన అప్పటికి లేదు. కలకత్తా మదరసాకు ప్రిన్సిపాలుగా పనిచేసిన రుడాల్ఫ్ హోర్న్‌లె 1907లో ప్రాచీన భారత అస్థిశాస్త్రంపై తన గ్రంథాన్ని వెలువరించి, ఈ లెక్కలను ఒక్కొక్క అవయవం వారీగా పరిశీలించిన తరువాతనే ఈ విషయంపై తగిన చర్చ సాధ్యమయింది.

సుశ్రుతుని గొప్పతనం సంఖ్యలో కంటే పద్ధతిలో ఉన్నది. శారీరస్థానం అయిదవ అధ్యాయంలో ఆయన చెప్పిన విధానం ఇది. విషం వల్ల గాని దీర్ఘవ్యాధి వల్ల గాని మరణించని, మరీ వృద్ధాప్యం పొందని, అంగవైకల్యం లేని దేహాన్ని ఎన్నుకోవాలి. ప్రేగులలోని మలాన్ని తొలగించి, దేహాన్ని ముంజగడ్డి, నారచీర, దర్భ, జనుము వంటి వాటితో చుట్టి, పంజరంలో ఉంచి, మరుగైన చోట నీటిలో నాననివ్వాలి. ఏడు రాత్రుల తరువాత బయటకు తీసి, వట్టివేరు, వెంట్రుకలు, వెదురు వంటి వాటితో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుతూ, చర్మం మొదలుకొని లోపలి భాగాల వరకు ఒక్కొక్కటిగా కంటితో చూడాలి. ప్రత్యక్షంగా చూచినదీ, శాస్త్రంలో చదివినదీ రెండూ కలిసినప్పుడే జ్ఞానం వృద్ధి చెందుతుందని ఆయన స్పష్టంగా చెప్పాడు. ఈ వరుసలోనే ఆయన లెక్కలు సాగుతాయి: చర్మపు పొరలు ఏడు, ధాతువులు ఏడు, పేశులు 500, స్నాయువులు 900, సంధులు 210, మర్మాలు 107. రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అన్న సప్తధాతువులు నేటి కణజాలాలతో సరితూగవు. ఆహారం ఒకదాని నుండి మరొకటిగా పరిణమించే క్రమాన్ని అవి తెలుపుతాయి.

తరువాతి శతాబ్దాలలో గ్రంథం నిలిచింది, కుంచె నిలవలేదు. శవస్పర్శను అశౌచంగా భావించే ఆచారం బలపడగా, దేహాన్ని శ్లోకంలో చదవడమే వైద్యవిద్య అయింది.

ఐరోపాలో కణజాల భావనకు ఆద్యుడైన బిషా సైతం సూక్ష్మదర్శినిని నమ్మలేదు. పారిస్‌లో ఆయన దేహభాగాలను ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆమ్లాలలో ఉంచి, నీటిలో క్రుళ్ళనిచ్చి 21 రకాల అల్లికలను గుర్తించాడు. గుండె, జీర్ణాశయం వేర్వేరు అవయవాలైనా వాటిని కప్పే పొరలు ఒకే జాతివని చూపిన ఆయన, 1802లో ముప్పయ్యేళ్ళకే మరణించాడు. తెలుగులో మనం వాడే 'కణజాలం' అన్న మాట బిషాకు వర్తించదన్నది ఇక్కడ గమనించదగినది. ఆయన చెప్పినది నేత వంటి అల్లిక మాత్రమే. జంతుదేహాలన్నీ కణనిర్మితాలని ష్వాన్ ప్రతిపాదించినది 1839లో. కణాన్నే వ్యాధికి స్థానంగా విర్కో నిరూపించినది 1858లో.

ఈ రెంటికీ ముందే, 1836లో, కలకత్తా మెడికల్ కాలేజీలో పండిత మధుసూదన గుప్త శవచ్ఛేదం చేశాడు. వైద్య కులస్థుడైన ఆయన అంతకు ముందు సంస్కృత కళాశాలలో ఆయుర్వేదం బోధించాడు. 1835లో ఆ వైద్య తరగతి రద్దయి, కొత్త కళాశాల ఏర్పడినప్పుడు అందులో చేరాడు. ఆ సందర్భంలో ఫోర్ట్ విలియం నుండి ఫిరంగులు పేల్చి గౌరవించారన్నది ప్రచారంలో ఉన్న కథ. దానిని కథగానే స్వీకరించడం మంచిది. అంతకంటే విలువైన వాస్తవం మరొకటున్నది. మధుసూదన గుప్త సంస్కరించిన సుశ్రుత సంహిత 1835, 1836 సంవత్సరాలలోనే రెండు సంపుటాలుగా కలకత్తాలో అచ్చయింది. చదివినదీ చూచినదీ కలవాలన్న వాక్యాన్ని ముద్రణకు సిద్ధం చేసిన చేయి, శస్త్రం పట్టిన చేయి ఒక్కటే. సంప్రదాయాన్ని ధిక్కరించిన వానిగా ఆయనను కీర్తించే చరిత్రలు ఈ సంగతిని తగినంతగా చెప్పలేదు.

కణం కంటే దిగువన ఉన్న రసాయన స్థాయికి వెళ్ళిన మార్గంలోనూ ఇటువంటి కూడలి ఒకటున్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళకముందు మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో అంగనిర్మాణశాస్త్ర ఉపాధ్యాయుడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో దేహద్రవాలలో భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఆ కొలత సహాయంతోనే కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది. 1929లో వారిద్దరూ, జర్మనీలో వేరుగా కార్ల్ లోమన్, కండరం నుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేటును వేరుచేశారు. సుశ్రుతుడు అయిదు వందలుగా లెక్కించిన పేశుల కదలికకు శక్తి నేరుగా అందేది ఈ అణువు నుండే. భాస్వరాన్ని కొలిచే ఆ విధానం ప్రయోగశాలలలో ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో స్థిరపడింది.